పసుపు తాగిన కారు

పాత కారు ఉన్న ఇంట్లో ఎంతమంది మనుషులుంటే అన్ని అభిప్రాయాలుంటాయి. మా ఇంట్లో నలుగురం. మా నాన్నగారి దృష్టిలో అది కారు. మా ఆవిడ దృష్టిలో పోర్టికోలో చోటు తినే ఇనప బీరువా. మా అమ్మాయి దాని పక్కన నించుని ఫొటోలు తీసుకుని స్నేహితురాళ్లకి పంపిస్తుంది కనక, దాని దృష్టిలో అదొక సినిమా సెట్టింగు. ఇహ నా సంగతి. ప్రతి నెలా పర్సు తీసేది నేను గదా, నా అభిప్రాయం వేరే చెప్పాలా?

కారు అంబాసిడరు. 1971 నాటి మార్క్ 2. మా నాన్నగారు 1981లో సెకండ్ హాండులో కొన్నారు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనా తెచ్చి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర అంబాసిడరని పేరు పెట్టి తయారు చెయ్యడం మొదలుపెడితే, 2014 మే నెల దాకా ఆ ఫ్యాక్టరీ అదే ఒడ్డూ పొడుగూ గల బండిని పోస్తూనే ఉంది. ఆ తరవాత 2017లో ఒక ఫ్రెంచి కంపెనీ వారు అంబాసిడరనే పేరు ఒక్కదాన్నీ 80 కోట్లకి కొనుక్కున్నారు. వట్టి పేరుకి 80 కోట్లు! ఒళ్లంతా ఉన్న మాదాన్ని పాత సామాన్లవాడు కిలోల లెక్కన అడిగాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇన్నేళ్లూ అది నడిచిందంటే నాన్నగారి చెవుల వల్ల నడిచింది. పోర్టికోలోంచి కారు తీస్తూంటే ఆయన లోపల గదిలో పేపరు చదువుకుంటూనే, "ఒరే, మూడో సిలిండరు అందుకోవడం లేదు, ప్లగ్గు చూడు" అనేవారు. చూస్తే అది మూడో సిలిండరే అయేది. మా వీధి చివర మెకానిక్కుల షెడ్డు ఉండేది. అక్కడి పెద్ద మేస్త్రీ కూడా బండి ముట్టుకునే ముందు, "పెద్దాయనేమన్నారు?" అని అడిగేవాడు. ఆ మేస్త్రీ పోయాడు, షెడ్డు మూసేశారు, ఆ స్థలంలో అపార్టుమెంటు లేచింది. ఇప్పటి కుర్రాళ్లు కారుకి కంప్యూటరు తగిలించి జబ్బు చెపుతారు. మాదానికి అది తగిలించడానికి చోటు లేదు. నాన్నగారికి 82 ఏళ్లు వచ్చాయి, చెయ్యి వణుకుతుంది, దగ్గిర వస్తువు ఆనదు. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి.

పైగా రిజిస్ట్రేషను గడువు దగ్గిరపడింది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి మళ్లీ కాగితం తెచ్చుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ ముందు 600 రూపాయలు, ఆ నెల నుంచీ 5,000. 2025లో మరీ పాతవాటికి ఇంకా పెంచారు. ఇదంతా ఆలోచించి, సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకిచ్చే ఒకాయన వస్తే, నేను బేరం కుదుర్చుకుని 5,000 అడ్వాన్సు పుచ్చుకున్నాను. వచ్చే సోమవారం బండి తీసుకుపోతానన్నాడు. నాన్నగారితో ఆ సాయంత్రమే చెప్పాను. చెప్పాను అంటే, అడ్వాన్సు పుచ్చుకున్నాక చెప్పాను. ఈ రెంటికీ తేడా ఉందని మా ఆవిడ ఆ రాత్రి నాకు విశదంగా చెప్పింది.

ఆయన మాత్రం ఒక్క మాటా అనలేదు. మర్నాడు కాఫీ తాగుతూ, "సోమవారం గదా, ఈలోగా శనివారం ఒకసారి గాలికొండ దాకా వెళ్లొద్దాం రా. ఈ కారులోనే" అన్నారు.

అరకు వెళ్లడానికి రైలుంది. అద్దాల పెట్టె కూడా తగిలించారు. మా బావమరిది కొత్త కారుంది, అడిగితే ఇస్తాడు. ఇవన్నీ చెప్పాను. "ఆ కారులో నేను రాను" అన్నారు నాన్నగారు. అంతటితో అయిపోయింది.

* * *

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా మామూలు పల్లపు రోడ్డు. బొడ్డవర దాటాక కొండ మొదలు. అక్కణ్నుంచి కాశీపట్నం, టైడ, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, ఆ తరవాత అరకు. సముద్రం ఒడ్డున బయలుదేరినవాడు చేరేసరికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంటాడు. మధ్యలో ఇంతకంటె ఎత్తు ఎక్కి దిగాలి. ఆ ఎత్తంతా ఎక్కవలసింది 1,489 సి.సి. గల ముసలి ఇంజను.

శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. మార్గశిర మాసం, మంచు పడుతోంది. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ల సీసాలు డజను సర్దింది. నాన్నగారు తమ రేకు పెట్టె డిక్కీలో పెట్టించారు. అందులో పానాలు, వైరు ముక్కలు, ఎమరీ కాగితం, పాత గుడ్డలు, స్పేరు ఫ్యాన్ బెల్టు ఉంటాయి. ముందు సీటులో నా పక్కన కూచోమంటే ఆయన ససేమిరా అన్నారు. వెనక సీటులో ఎడమ కిటికీ దగ్గిర కూచున్నారు. అమ్మేస్తున్నానని అలక కాబోలు అనుకున్నాను. మా అమ్మాయి ముందుకొచ్చింది.

కొత్తవలస చేరకుండానే బండి దగ్గడం ఆరంభించింది. వెనకనించి, "పాయింట్లు" అని ఒక్క మాట వినపడింది. పక్కకి ఆపాను. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే, లోపల రెండు చిన్న బుడిపెలు ఒకదాన్నొకటి తాకి విడిపోతూ ప్లగ్గులకి నిప్పు అందిస్తూంటాయి. ఆ బుడిపెలు మాడి నల్లబడితే నిప్పు సరిగ్గా పడదు. ఎమరీ కాగితంతో గీకి, రెంటి మధ్యా అంగుళంలో వెయ్యోవంతులు 15 ఎడం ఉండేటట్టు బిగించాలి. ఆ కొలతకి రేకు గేజీ ఉంటుంది, అది మా పెట్టెలో ఏనాడో పోయింది. నాన్నగారు జేబులోంచి ఒక శుభలేఖ ముక్క తీశారు. అది ఎవరి పెళ్లిదో గాని, ఆ అట్ట మందం ఇన్నేళ్లుగా మా కారుకి సరిపోతోంది.

నేను పని మొదలుపెట్టబోతే మా అమ్మాయి, "నాన్నా, నీ చొక్కా పాడవుతుంది, నేను చేస్తా" అంది. ఇంజనీరింగు చదువుతోంది గాని అది చదివేది కంప్యూటర్లు. దాని చేతికి ఇంతకు ముందు గ్రీజు అంటడం నేను చూడలేదు. తాతగారు చెప్పడం, మనవరాలు బిగించడం. పావుగంట పట్టింది. బండి అందుకుంది. ఇందులో విశేషమేమీ లేదని అప్పుడనుకున్నాను.

* * *

శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని, రేడియేటరులో నీళ్లు చూసుకుని, కొండెక్కడం మొదలుపెట్టాం. ఆ దారి చూసినవారికి చెప్పనక్కరలేదు, చూడనివారికి చెప్పినా కొంతే తెలుస్తుంది. మొదట టేకు చెట్లు, పనస చెట్లు, అక్కడక్కడ చోడి కోసిన మడి చెక్కలు. మలుపు తిరిగినప్పుడల్లా కింద మైదానం ఇంకాస్త చిన్నదయి, ఇంకాస్త నీలంగా మారుతుంది. పైకి పోయిన కొద్దీ నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని కావలించుకుని మిరియపు తీగెలు, కింద నీడలో కాఫీ పొదలు. ఆ నెలలో కాఫీ పళ్లు ఎర్రగా పండి కొమ్మల నిండా గుత్తులు కట్టి ఉంటాయి. మా ఆవిడ, "కాస్త నెమ్మదిగా పోనివ్వండి, చూడనీరు గదా" అంది. నిజానికి బండి రెండో గేరులో ఎడ్లబండి కంటె కాస్త వడిగా పోతోంది. అంతకంటె నెమ్మదిగా అంటే ఆగిపోవడమే.

టైడ దాటాక ఒక మలుపులో ఆ కోరిక కూడా తీరింది. ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. సెల్ఫు కొడితే తిరుగుతోంది గాని అందుకోదు.

మన దేశంలో కారు ఆగిపోయిన చోట వైద్యులకి కొదవ ఉండదు. రెండు నిమిషాలు కాకుండానే మోటారు సైకిలు మీద వెళ్లే కుర్రాడు ఆగి బ్యాటరీ పోయిందన్నాడు. సెల్ఫు తిరుగుతోంది గదా అంటే, "అయినా బ్యాటరీయే సార్" అని వెళ్లిపోయాడు. మనుషులు వేళ్లాడుతున్న జీపు ఒకటి ఆగింది. డ్రైవరు దిగకుండానే, "దీంట్లో డీజిలింజన్ పెట్టించీండి బాబూ, ఇంక సూడక్కర్లేదు" అన్నాడు. తరవాత తెల్లటి పెద్ద కారులో ఒక కుటుంబం. ఆయన దిగాడు, బానెట్లోకి తొంగి చూశాడు, చుట్టూ తిరిగాడు, "మా నాన్నగారికీ ఇదే ఉండేదండీ" అన్నాడు, బానెట్ మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. "అమ్మెయ్యకండి సార్" అని వెళ్లిపోయాడు. నాన్నగారు ఆ మాట విన్నారా లేదా అని నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆఖరికి పైనుంచి ఒక ముసలాయన మేకల్ని తోలుకుంటూ వచ్చాడు. నోరు విప్పలేదు. మా బండిని చూశాడు, పల్లం వైపు చూశాడు, రోడ్డు వార నించి పెద్ద రాయి ఒకటి ఎత్తి తెచ్చి వెనక చక్రానికి అడ్డు పెట్టి, మేకల వెనక వెళ్లిపోయాడు. ఆ రాయి నేను పెట్టవలసింది. హడావుడిలో మరిచిపోయాను. ఉచితంగా అందిన వైద్యంలో పనికొచ్చింది అదొక్కటే.

"ఇంజనుకేం రోగం లేదురా. పెట్రోలు మరిగిపోయింది, అంతే" అన్నారు నాన్నగారు. ఆ తరవాత ఆయన మా అమ్మాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. అంబాసిడరులో పెట్రోలు తోడే పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. బండి నెమ్మదిగా, బలంగా కొండెక్కుతూంటే ఇంజను వేడెక్కుతుంది, బండికి వేగం లేదు గనక ఎదురుగాలి చాలదు. ఆ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరయి కూచుంటుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. ఇప్పటి పెట్రోలులో వందకి ఇరవై పాళ్లు ఇథనాలు కలుపుతున్నారు. 2025 నాటికి దేశమంతా అదే వచ్చింది. అది పాత బండ్లలోని రబ్బరు గొట్టాలకీ, పంపులోని రబ్బరు పొరకీ కూడా పడదు. ఆ రబ్బరు తయారైన రోజుల్లో ఇలాంటి పెట్రోలు వస్తుందని ఎవరనుకున్నారు?

"మందేమిటి తాతగారూ?"

"తడిగుడ్డ."

పాత గుడ్డ తడిపి పంపుకి చుట్టి, అది ఆరినప్పుడల్లా మంచినీళ్ల సీసాతో తడుపుతూ అరగంట కూచోవడం. అంతే. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటికి వేసినట్టే.

ఆ అరగంటలో మేం నలుగురం రోడ్డు వార పిట్టగోడ మీద కూచున్నాం. ఇంత సేపు కదలకుండా కొండల్ని చూడడం నాకు అదే మొదలు. లోయకి అవతల పచ్చటి కొండ నడుములో సన్నని గీతలా రైలు మార్గం. 1960లలో బైలదిల్లా ఇనప రాయిని విశాఖ రేవుకి దింపి జపాను పంపడానికి వేసిన కొత్తవలస–కిరండోలు మార్గం అది. మొత్తం 58 సొరంగాలట. మేం చూస్తూండగానే ఒక గూడ్సు చీమల బారులాగ ఒక సొరంగంలో దూరి, ఇంకో సొరంగంలోంచి బయటికొచ్చి, మళ్లీ దూరింది. పెట్టెలు లెక్కపెడదామని మొదలుపెట్టి మా ఆవిడా, అమ్మాయీ పోట్లాడుకున్నారు. కింద ఎక్కడో గోస్తనీ నది. అది ఈ కొండల్లోనే పుట్టి, బొర్రా గుహల కింద నించి పారి, భీమునిపట్నం దగ్గిర సముద్రంలో కలుస్తుంది. మేం పొద్దున్న బయలుదేరిన సముద్రమే.

"1983లో కూడా ఇక్కడే ఎక్కడో ఆగిపోయిందిరా. నీకు జ్ఞాపకం ఉందా?" అన్నారు నాన్నగారు.

కారు ఆగిందని జ్ఞాపకం ఉంది. అప్పుడు నాకు పదేళ్లు. రేడియేటరు కారిపోయి పొగలు కక్కితే, ఎవరో లారీ డ్రైవరు ఆగి, ఏదో చేసి బాగుచేశాడు. ఏం చేశాడో మాత్రం తెలియదు.

"నీకెలా తెలుస్తుంది? రా, చూద్దువుగాని అని రెండుసార్లు పిలిచాను. చందమామ పట్టుకుని సీటులోంచి లేవలేదు" అన్నారు ఆయన. కోపంగా అనలేదు. నలభై ఏళ్ల కిందటి కబురు చెప్పినట్టే చెప్పారు. నేను లేచి గుడ్డ తడపడానికి వెళ్లాను.

* * *

అరగంట తరవాత సెల్ఫు కొట్టగానే బండి అందుకుంది. ఇహ తిన్నగా గాలికొండేనని గట్టిగానే అన్నాను. అలాంటి మాటలు కారులో కూచుని అనకూడదు. అనంతగిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఎదురుగా చిన్న హోటలు ఉండడం మా అదృష్టం. తాటాకు పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి.

నేను దిగినవాణ్ణి దిగినట్టే రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయాను. "ముట్టుకోకు!" అన్న కేక విని పొయ్యి దగ్గిరున్నామె కూడా ఉలిక్కిపడింది. 82 ఏళ్ల మనిషిలో అంత గొంతు ఉందని నేననుకోలేదు. మరుగుతున్న రేడియేటరు మూత తీస్తే నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారకుండా చన్నీళ్లు పోస్తే ఇంజను దిమ్మ బీట వేస్తుంది. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసిన సంగతులు పనికొచ్చే వేళకి జ్ఞాపకం రావు, అంతే.

టీలు తాగుతూ అరగంట ఆగాం. చల్లారాక చూస్తే రేడియేటరు కింది భాగంలో సూది మొన అంత చిల్లి. చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇక్కడ అతికేవాడెవడూ లేడు. శృంగవరపుకోట దిగి వెళ్లాలంటే ఈ చిల్లితో వెళ్లలేం.

"పసుపు కావాలి" అన్నారు నాన్నగారు.

మా ఆవిడ ఆయన వంక, తరవాత నా వంక చూసింది. "పసుపు పులిహోరలో ఉంది మామయ్యగారూ. అది పోసేస్తారా?" అంది. బొత్తిగా హాస్యానికన్నదో, విసుగుకన్నదో ఇప్పటికీ తేలలేదు.

హోటలామె పొయ్యి దగ్గిర నించే, "ఏటమ్మా, పసుపా? ఎంతక్కావాల?" అంది.

"నాలుగు చెంచాలమ్మా" అన్నారు నాన్నగారు.

"కూరకా?"

"కారుకి."

ఆమె నవ్వలేదు. డబ్బా తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది. "మా మరిది జీపుకీ ఏసీవోడు. సల్లారినాదా? సూసి ఎయ్యండి" అంది. ఆ రోజు మొత్తం మీద మా కారు గురించి నాన్నగారితో ఏకీభవించిన మొదటి మనిషి ఆమె.

నాన్నగారు బెంచీ మీద కూచునే చెప్పారు, మా అమ్మాయి చేసింది. ముందు మూత మీద మందపాటి గుడ్డ వేసి, సగం తిప్పి, లోపలి ఆవిరి బుస్సుమని పోయేదాకా ఆగి, అప్పుడు పూర్తిగా తియ్యాలి. ఇంజను నడుస్తూండగా నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యాలి. పసుపు నీళ్లలో కలిపి అందులోనే పొయ్యాలి. నీళ్లు లోపల తిరుగుతూ ఆ చిల్లి దగ్గిరికి వచ్చినప్పుడల్లా కాస్త కాస్త పసుపు అక్కడ చేరి, ఉబ్బి, చిల్లిని కప్పుతుంది. పెద్ద చిల్లికి ఇది పనికిరాదు. చిన్నదానికి కూడా ఇది తాత్కాలికమే. ఇంటికి వెళ్లాక రేడియేటరు విప్పి శుభ్రంగా కడిగించకపోతే, చిల్లిని మూసిన పసుపే లోపలి సన్న గొట్టాల్నీ మూసేస్తుంది.

పది నిమిషాల్లో చుక్కలు తగ్గాయి. ఇంకో అయిదు నిమిషాలకి ఆగిపోయాయి. బండి కింద రోడ్డు మీద పసుపు నీళ్లు చిన్న మడుగు కట్టాయి, పేరంటం జరిగినట్టు.

"ఆ లారీ అతను చేసిందిదేనా తాతగారూ?" అని అడిగింది మా అమ్మాయి.

"ఇదే. పసుపు మీ నాయనమ్మది. పూజ భరిణలోంచి తీసిచ్చింది. ఇచ్చి, అతనికి బొట్టు పెట్టినంత పని చేసింది."

మేం డబ్బులివ్వబోతే హోటలామె టీలకే తీసుకుంది. పసుపుకి వద్దంది.

* * *

గాలికొండ చేరేసరికి మూడయింది. పేరుకి తగ్గట్టే గాలి విసిరికొడుతోంది. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి, పచ్చ తరవాత నీలం, నీలం తరవాత పొగ. జనం చాలామంది ఉన్నారు. కాఫీ పొడి, మిరియాలు, వెదురు బొంగులో కాల్చిన కోడి అమ్ముతున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ప్రతి కొట్టు మీదా ఆ పేరే. మేం కాఫీ తాగుదామని దిగాం. నాన్నగారు దిగలేదు.

"దిగండి నాన్నగారూ. దీని కోసమే గదా వచ్చాం."

"ఇక్కణ్నుంచి కనపడుతోందిలే" అన్నారు. కిటికీ అద్దం దించుకుని, వెనక సీటులో ఆ ఎడమ చివరే కూచుని చూస్తున్నారు.

కాఫీ కారు దగ్గిరికే తెచ్చిచ్చాను. రెండు గుక్కలు తాగి, "మీ అమ్మ చలి చలి అని కారు దిగలేదురా. ఎంత చెప్పినా దిగలేదు. శాలువా కప్పుకుని ఇక్కడే కూచుని చూసింది అంతా" అన్నారు.

నేనేమీ అనలేదు. అలక అనుకున్న సంగతి మా ఆవిడతో కూడా చెప్పలేదు.

ఆ రాత్రి అరకులో బస. సుంకరిమెట్ట దాటాక పొలాల్లో వలిసె పూలు. సాయంత్రపు ఎండలో ఆ పసుపుపచ్చ చూస్తే, మా రేడియేటరులోది ఎక్కువై ఇలా పారబోశారా అనిపించింది. మర్నాడు దిగుముఖం. నేను కాస్త పెట్రోలు కలిసొస్తుందని పల్లంలో గేరు తప్పించి న్యూట్రల్లో వదిలాను. వెనక నాన్నగారు కళ్లు మూసుకుని నిద్రపోతున్నారు. నిద్రపోతున్నవారే, "గేరులో పెట్టు" అన్నారు. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలిట. లేకపోతే బరువంతా బ్రేకుల మీద పడి, డ్రమ్ములు కాలిపోయి, సరిగ్గా మలుపు దగ్గిర తొక్కితే పట్టవు. రెండో గేరులో పెట్టాను. కోట దాకా తియ్యలేదు. దారిలో హోటలు దగ్గిర ఆపి ఆమెకి అరకులో కొన్న అర కిలో పసుపు ఇచ్చాం. "ఇంత పసుపేటి సేసుకోను, ఎన్ని జీపులున్నాయని?" అంది గాని పుచ్చుకుంది.

* * *

సోమవారం పొద్దున్న షూటింగులాయన ఫోను చేశాడు, పదింటికి వస్తున్నానని. నేను రెండు వారాలు ఆగమన్నాను.

"ఏం సార్, ఎక్కువకి అడిగారా ఎవరైనా?"

"అదేం కాదండీ. రేడియేటరు నిండా పసుపుంది. కడిగించకుండా ఎలా అమ్మను?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఏదో మడి ఆచారం అనుకున్నాడు కాబోలు, "సరే సార్, మీ ఇష్టం" అని పెట్టేశాడు.

మా ఆవిడ వింటూనే ఉంది. "రేడియేటరు కడగడానికి రెండు వారాలెందుకండీ? ఒక పూట చాలదూ?" అంది.

జవాబు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ పోర్టికోలోకి వెళ్లాను. బానెట్ ఎత్తి ఉంది. నాన్నగారు కుర్చీ వేసుకుని కూచున్నారు. మా అమ్మాయి కాలేజీకి వెళ్లే బట్టల్లోనే, రేడియేటరు తాలూకు బోల్టు ఒకటి రాక, పానాకి వేళ్లాడుతోంది.

"ఎడమవైపు తిప్పు తల్లీ. బలం పెట్టకు, ముందు కాస్త నూనె చుక్క వెయ్యి" అంటున్నారు ఆయన.

రేకు పెట్టె నా కాళ్ల దగ్గిరే ఉంది. నూనె డబ్బా తీసి అందించాను.